చదువుతోపాటు చోటు చూపిన గురువు: రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితము

చదువవలసిన వాక్యభాగము: లూకా సువార్త 10:25–37





జూన్ మాసము వచ్చినదంటే పాస్టరు ఇంటి వాకిట తలిదండ్రులు కూర్చుండుట మీరెరిగినదే. మన ఖానాపురం హవేలి ఖమ్మం పట్టణమునకు ఆనుకొని యున్నందున, ఇల్లెందు, కొత్తగూడెం వైపునుండియు, భద్రాచలం అడవి పల్లెలనుండియు బిడ్డలను వెంటబెట్టుకొని ఇచటికి వత్తురు. వారు అడుగునది కాలేజీలో సీటు మాత్రమే అని మొదట నేను తలంచితిని. కాని కొంతసేపు మాటలాడిన తరువాత అసలు సంగతి బయటపడును. బిడ్డ రాత్రి ఎక్కడ పడుకొనును? ఎవరి చేతి అన్నము తినును? ఆడపిల్లయైతే సాయంకాలము ఎవరు కనిపెట్టుదురు? సీటు దొరికియు, ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకక, మరల పత్తి చేనికో మిరప తోటకో తిరిగిపోయిన బిడ్డలు మన సంఘములలో ఎందరో కలరు.

అందుచేత ఈ మాసము ఒక కాలేజీ ప్రిన్సిపాలు జీవితమును మీ ముందుంచుచున్నాను. ఆయన పేరు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. మన తెలుగు దేశమున ఆయనను బ్రహ్మర్షి అని పిలిచిరి.

ముందుగా ఒక సంగతి చెప్పవలెను. ఆయన బాప్తిస్మము పొందిన క్రైస్తవుడు కాడు. సంఘ పత్రికలో ఆయన కథ ఎందుకని కొందరు అడుగవచ్చును. పైన సూచించిన వాక్యభాగమును చదివి చూడుడి. పొరుగువాడు ఎవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు, మన ప్రభువు యాజకుని గాని లేవీయుని గాని మాదిరిగా చూపలేదు. యూదులు తమ పంక్తిలో కూర్చుండనీయని సమరయుని చూపెను. మేలు ఎక్కడ జరిగినను దానిని మేలని ఒప్పుకొనుట ప్రభువు మనకు నేర్పిన మర్యాద.

ఆ కథలో మనము త్వరగా దాటిపోవు భాగమొకటి కలదు. సమరయుడు గాయములు కట్టి ఊరకుండలేదు. ఆ మనుష్యుని పూటకూళ్ళ యింటికి చేర్చెను. ఒక దేనారము ఒక దినపు కూలియని మత్తయి సువార్త 20వ అధ్యాయమువలన తెలియుచున్నది. అట్టివి రెండు ఆ యింటివానికిచ్చి, పైన ఖర్చైనదానికి తానే పూచీపడెను. అనగా బాగుపడువరకు ఆ మనుష్యునికి పడకయు అన్నమును ఏర్పాటు చేసెను. నాయుడుగారి జీవితమును చదివినప్పుడు ఈ పూటకూళ్ళ యిల్లే నాకు మాటిమాటికి జ్ఞాపకమునకు వచ్చినది.

బాల్యము

వేంకటరత్నముగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణములో, అనగా మన పెద్దలు బందరు అని పిలుచు ఊరిలో జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యములో సుబేదారు. సిపాయి కుటుంబమునకు స్థిరమైన ఊరుండదు. కొలువు ఎచట ఉండునో కుటుంబమును అచటనే. బాలుని తొలి చదువు చాందాలో సాగినది. అది నేడు మహారాష్ట్రలో చంద్రపూర్ అని పిలువబడు పట్టణము. మన ఆసిఫాబాదు అడవులు దాటి పోయినచో వచ్చును. అక్కడ ఆయన హిందీ, ఉర్దూ, పారసీ భాషలు నేర్చుకొనెను. తరువాత తండ్రితో హైదరాబాదు చేరి అక్కడ చదువు సాగించెను.

తెలుగు బిడ్డ పరభాషల నడుమ పెరుగుట కష్టమైనను, దానివలన ఒక మేలు కలిగినది. చిన్ననాటనే పలు మతములవారితోను, పలు కులములవారితోను కలిసి మెలగుట ఆయనకు అలవాటాయెను. బండి ఒకే గాడిలో నడిచినచో ఎద్దులకు దారి ఒకటే తెలియును గదా.

మద్రాసు క్రైస్తవ కళాశాల

పై చదువులకు ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. 1837లో జాన్ ఆండర్సన్ అను స్కాట్లండు మిషనెరీ తెరచిన చిన్న బడియే క్రమముగా ఆ కళాశాల ఆయెను. దానిని అంత పెద్ద సంస్థగా పెంచినది డాక్టరు విలియం మిల్లరుగారు. మిల్లరుగారు ఇండియాకు వచ్చినది 1862లో, అనగా మన నాయుడుగారు పుట్టిన సంవత్సరముననే. 1907వరకు ఆయన చేతిక్రింద ఆ కళాశాల నడిచినది. 1901లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఆయనయే వైస్ ఛాన్సలరుగా ఉండెను.

మిల్లరుగారి పద్ధతిని గూర్చి మిషనెరీలలోనే వాదములు కలవు. ఎందరికి బాప్తిస్మమిచ్చితిమని లెక్కించుట కళాశాల పని కాదనియు, క్రీస్తు బోధలోని నీతియు సత్యమును ఈ దేశపు తలంపులో పులిసిన పిండివలె కలిసిపోవలెననియు ఆయన నమ్మెను. అంతమంది జీతగాండ్రను పెట్టి, అంత ధనము ఖర్చుచేసి, సంఘములో చేరువారు లేకపోయిన ఏమి లాభమని ఇతరులు అడిగిరి. ఈ వాదమును నేను ఇక్కడ తీర్చబోవుటలేదు. అయితే ఆ పిండి పులిసినదా లేదా అని చూడగోరువారు వేంకటరత్నముగారి జీవితమును చూడవచ్చును. జీవితాంతము ఆయన మిల్లరుగారిని తన గురువుగా తలంచెను.

మన ప్రాంతమునకు సంబంధించిన మాట యొకటి ఇక్కడ చెప్పుదును. కొన్ని సంవత్సరముల తరువాత అదే కళాశాలలో, అదే మిల్లరుగారి కాలములో, తిరునల్వేలి వైపునుండి వచ్చిన మరియొక యువకుడు చదివెను. ఆయనయే వేదనాయగం సామ్యూలు అజరయ్యగారు. 1912లో దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొంది, మన పల్లెలలో ఎడ్లబండిమీద తిరిగిన అజరయ్యగారు ఆయనే. ఒకే దీపమునుండి వెలిగించుకొనిన రెండు వత్తులు రెండు ఇండ్లలో వెలుగునిచ్చినవి.

బ్రహ్మసమాజము

మద్రాసులో చదివిన దినములలోనే ఆయన బ్రహ్మసమాజమువైపు తిరిగెను. 1828లో బెంగాలులో రాజా రామమోహన రాయలు స్థాపించిన సమాజమది. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపము లేదు, విగ్రహము కూడదు, పుట్టుకనుబట్టి మనుష్యుని హెచ్చుతగ్గులు చేయకూడదు అనునవి వారి నియమములు. క్రీస్తును వారు గొప్ప గురువుగా గౌరవింతురు గాని, మనమువలె రక్షకుడని ఒప్పుకొనరు. ఈ భేదమును దాచిపెట్టుట న్యాయము కాదు. నాయుడుగారును దానిని దాచలేదు. తాను నమ్మినదానిని బాహాటముగా నమ్మి, దాని ప్రకారము నడచిరి.

యౌవనముననే ఆయనకు భార్యావియోగము కలిగెను. ఆ కాలమున భార్య పోయిన పురుషుడు ఏడాది తిరుగకముందే మరల పెండ్లియాడుట వాడుక. విధవయైన చిన్నపిల్లకు మాత్రము తల గొరిగించి మూల కూర్చుండబెట్టుదురు. నాయుడుగారు మరల వివాహము చేసికొనక, బ్రహ్మచర్యము పట్టి, అప్పటినుండి తెల్లని వస్త్రములే ధరించిరి. ఆ తెల్లని అంగీ, తలపాగా, గడ్డము చూచినవారు మరచిపోలేదు. ఆడవారిమీద మోపిన నియమమును ఒక మగవాడు తనమీద తానే మోపుకొనుట అందరిని ఆశ్చర్యపరచినది.

నోబుల్ కాలేజీలో

పట్టములు పొందిన తరువాత మద్రాసులో కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఆయన స్వస్థలమైన బందరుకు వచ్చి నోబుల్ కాలేజీలో బోధకుడాయెను. ఈ కాలేజీ చరిత్ర మనము తప్పక తెలిసికొనవలెను.

రాబర్టు నోబుల్ దొరగారు, హెన్రీ ఫాక్సు దొరగారు అను ఇద్దరు చర్చి మిషను బోధకులు 1841లో ఇంగ్లండు విడిచి బందరు చేరిరి. నోబుల్ దొరగారు 1843లో అక్కడ ఇంగ్లీషు బడి తెరచిరి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా, తలిదండ్రులు బిడ్డలను మాన్పించిరి, బడి దాదాపు ఖాళీ ఆయెను. అయినను ఆయన కదలలేదు. 1864లో సముద్రము పొంగి బందరును ముంచి వేలకొలది జనులను పొట్టనపెట్టుకొనినప్పుడును ఆయన అక్కడనే యుండిరి. ఒక్కసారియైనను స్వదేశమునకు పోక, 1865లో ఆ ఊరనే కన్నుమూసిరి. ఆయన త్యాగమునుగూర్చి సందేహము లేదు.

అయితే అదే నోబుల్ దొరగారు మాల మాదిగ బిడ్డలను తన బడిలో చేర్చుకొనలేదు. పై కులములవారు క్రీస్తునొద్దకు వచ్చినచో మిగిలినవారు తమంత తామే వత్తురనియు, పంచముల బిడ్డలు బల్లమీద కూర్చున్నచో పై కులములవారు బడి విడిచిపోవుదురనియు ఆయన తలంచెను. తోటి మిషనెరీలలో కొందరు దీనిని ఆక్షేపించిరి. సెమినరీలో చదువుకొను దినములలో నేను ఆయన త్యాగమును గూర్చి విని కన్నీరు కార్చితిని. ఈ రెండవ సంగతి మాత్రము చాల కాలము తరువాత గ్రంథములలో చదివితిని. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన తాతలు ఆ బడి తలుపు దగ్గరికి వచ్చియుండినచో, సువార్త చెప్పు ఇంటి తలుపే వారికి మూసియుండెడిది గదా!

మిషను చరిత్ర ఎదురు తిరిగినదని దీని భావము కాదు. తరువాత తెలుగు దేశములో మన జనులకు మొదటగా అక్షరములు నేర్పినవి చాలచోట్ల మిషను బడులే. అయితే భక్తుడైనవాడును ఒక తలుపు తెరచుచు మరియొకటి మూయగలడు. ఈ ఎరుక మనకుండవలెను. నోబుల్ దొరగారు పోయిన సుమారు ముప్పది ఏండ్లకు, ఆయన పేరుతో నడచుచున్న కాలేజీలో బోధించిన క్రైస్తవుడు కాని ఒక ఉపాధ్యాయుడు, మూసిన తలుపులను తెరచుటయే తన పనిగా ఎంచుకొనెను.

నాయుడుగారు ఇంగ్లీషు బోధించుచు బోధించుచు నడవడి నేర్పెడివారు. అప్పటిలో ధనవంతుల పెండ్లిండ్లలోను, అధికారుల విందులలోను భోగము మేళములు పెట్టించుట గొప్పగా ఎంచుచుండిరి. అట్టి విందునకు పోకూడదనియు, మద్యము ముట్టకూడదనియు, పురుషునకును స్త్రీకిని శీలము ఒక్కటే ధర్మమనియు ఆయన బోధించి, సాంఘిక శుద్ధి ఉద్యమమును నడిపెను. రాజమహేంద్రవరములో 1881లో మొదటి విధవా వివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారికి ఆయన తోడుగా నిలిచెను.

ఈ విషయములో ఒక మాట న్యాయముగా చెప్పవలెను. మేళములు ఆగిపోయినప్పుడు, ఆ వృత్తిలో పుట్టిన స్త్రీలకు వేరే జీవనాధారము చూపుట సంస్కర్తలందరికి తోచలేదు. పాపమును ద్వేషించుట సులభము. పాపములో చిక్కినవారికి రేపటి అన్నము చూపుట కష్టము. నాయుడుగారు తరువాతి దినములలో అనాథలకు శరణాలయము నడిపించుటలో శ్రద్ధ తీసికొనుటను చూడగా, ఈ పాఠమును కొంతవరకైనను గ్రహించిరని నాకు తోచుచున్నది.

నోబుల్ కాలేజీలో ఆయన చేతిక్రింద చదివినవారిలో ముగ్గురిని చెప్పుదును. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1948లో కాంగ్రెసు అధ్యక్షులైరి. ముట్నూరి కృష్ణారావుగారు కృష్ణాపత్రిక నడిపిరి. కోపల్లె హనుమంతరావుగారు ఈ ఇద్దరితో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించిరి. గురువుగారు ఇంగ్లీషు దొరతనముతో సఖ్యముగానే యుండిరి. శిష్యులు స్వరాజ్యమునకై పోరాడిరి. గురువు దారిలోనే నడువక, గురువు నేర్పిన ధైర్యముతో తమ దారిలో నడచిరి. మంచి ఉపాధ్యాయునకు ఇది అవమానము కాదు.

సికింద్రాబాదు

1899లో నాయుడుగారు సికింద్రాబాదు మహబూబు కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిరి. ఈ విద్యాలయము కూడ 1862లో సోమసుందరం మొదలియారుగారు స్థాపించినదే. బెజవాడనుండి సికింద్రాబాదుకు పోవు రైలుమార్గము 1889 నాటికే మన ఖమ్మం, దోర్నకల్ మీదుగా పడియుండెను. ఆ దినములలో మన ఊళ్ళు నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలోనివి. రైలు మన పొలముల ప్రక్కనే పోవుచుండెను గాని, దానిలో ఎక్కి చదువుకొనుటకు పోవు బిడ్డలు మన వాడలలో లేరు.

అక్కడ ఆయన 1904వరకు ఉండిరి. అంతకుముందు ఆయన తరగతి గదికి మాత్రమే బాధ్యులు. ప్రిన్సిపాలైన తరువాత లెక్కలు, జీతములు, ఉపాధ్యాయుల తగవులు, దాతల మనసు, సర్కారువారి తనిఖీ ఇవన్నియు ఆయన నెత్తిన పడినవి. మంచి బోధకుడందరును మంచి పాలకుడు కాలేడు. సంఘములోను అంతే. ప్రసంగము బాగుగా చేయువానికి చందాల పుస్తకము వ్రాయుట చేతకాదు. నాయుడుగారు రెండును నేర్చుకొనిరి. చిన్నతనమున నేర్చిన ఉర్దూ, పారసీ భాషలు నిజాము రాజ్యములో ఆయనకు పరాయితనము లేకుండ చేసియుండునని తలంచుచున్నాను.

కాకినాడ

పిమ్మట ఆయన కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలై, 1919వరకు ఆ పదవిలో ఉండిరి. 1852లో బడిగా మొదలై 1884లో కాలేజీ అయిన సంస్థ యది. కాకినాడ చేరునాటికి ఆయన వయస్సు నలుబది దాటినది. నా వయస్సువారే. నలుబదేండ్లు దాటిన తరువాత మనము సాధారణముగా ఉన్నది చాలునని కూర్చుందుము. ఆయన ముఖ్యమైన పని అప్పుడే ఆరంభమైనది.

పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరుగారు నాయుడుగారిని గురువుగా ఎంచిరి. సూర్యరాయాంధ్ర నిఘంటువును వ్రాయించిన మహారాజావారు వీరే. రాజావారి ధనము, నాయుడుగారి మనసు కలిసినందున కాకినాడలో అనేక కార్యములు జరిగినవి. బ్రహ్మసమాజ మందిరము వెలసినది. అనాథ శరణాలయము నడిచినది. పంచములని పిలువబడిన మాల మాదిగ బిడ్డలకు వసతిగృహము ఏర్పడినది. ఆడపిల్లలు కాలేజీలో మగపిల్లలతోపాటు కూర్చుండి చదివిరి.

ఈ వసతిగృహపు సంగతి కొంచెము నిదానముగా ఆలోచింపుడి. ఆ కాలములో పల్లెనుండి పట్టణమునకు చదువుకొన వచ్చిన బీద బ్రాహ్మణ విద్యార్థి వారములు చేసికొని చదివెడివాడు. అనగా సోమవారము ఒకరి ఇంట, మంగళవారము మరియొకరి ఇంట, ఇట్లు ఏడు దినములు ఏడు ఇండ్లలో భోజనము. అది ధర్మమని గృహస్థులు సంతోషముగా పెట్టెడివారు. ధనముగల ఇతర కులములవారు గది అద్దెకు తీసికొనెడివారు, లేక హోటలులో తినెడివారు. మాల మాదిగ బాలునకు వారము పెట్టు ఇల్లు ఏది? గది ఇచ్చు ఆసామి ఎవడు? హోటలులో కులమడిగి వడ్డించు దినములవి. ప్రభుత్వము కాలేజీ తలుపు తెరచియుంచినను, ఆ బాలుడు సాయంకాలమునకు ఆకలితో వీధిలో నిలిచియుండవలసినదే.

కనుక కాలేజీ తలుపు నిజముగా తెరచుకొనునది తరగతి గదిలో కాదు, వంటయింటిలో. దీనిని నాయుడుగారు గ్రహించిరి. ప్రవేశము ఇచ్చితిమి, మీ బ్రదుకు మీరు చూచుకొనుడని ఆయన అనలేదు. పడుకొనుటకు చాపయు, తినుటకు అన్నమును, చదువుకొనుటకు దీపమును ఏర్పాటు చేసిరి. తన జీతములోనిది బీద విద్యార్థులకు ధారాళముగా ఇచ్చివేసెడివారు. సమరయుడు పూటకూళ్ళ యింటివరకు నడచినట్లే ఆయనయు నడిచిరి.

ఆడపిల్లల విషయమును గూర్చియు ఒక మాట. ఎదిగిన పిల్లను మగపిల్లలున్న కాలేజీకి పంపుటకు ఆనాటి తల్లి గుండె కొట్టుకొనియుండదా? చుట్టుపట్ల అపవాదు రాదా? అయినను కొందరు పంపిరి. దానికి కారణము ప్రిన్సిపాలుగారి నడవడియేయని నాకు తోచుచున్నది. భార్య పోయిన తరువాత ఆయన ధరించిన తెల్లని వస్త్రము, పట్టిన నియమము, విద్యార్థులకు బోధించిన శుద్ధి, ఇవన్నియు తలిదండ్రులకు హామీపత్రమువలె పనిచేసినవి. ఆయన తనకొరకు కాపాడుకొనిన శీలము ఇతరుల బిడ్డలకు తలుపు తెరచినది. పాస్టర్లమైన మేము, సంఘపెద్దలైన మీరు దీనిని లోతుగా ఆలోచింపవలెను. మనయొద్దకు ఆడబిడ్డను నమ్మి పంపగలరా? ఇదియే మన సాక్ష్యమునకు పరీక్ష.

కాకినాడలో చదివినవారిలో కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, రచయిత గుడిపాటి వేంకటచలంగారు పేరుపొందినవారు. ఇద్దరును గురువుగారి ప్రభావములో కొంతకాలము బ్రహ్మసమాజమువైపు నడిచి, తరువాత ఎవరి దారిన వారు పోయిరి.

విశ్వవిద్యాలయము

1924లో ప్రభుత్వమువారు ఆయనకు సర్ బిరుదమిచ్చిరి. 1925నుండి 1928వరకు ఆయన మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా పనిచేసిరి. తన గురువు మిల్లరుగారు కూర్చుండిన పీఠమున శిష్యుడును కూర్చుండెను. సుబేదారు కుమారునకు అది చిన్న సంగతి కాదు.

వైస్ ఛాన్సలరు పని ఏమని మీరు అడుగవచ్చును. ఏ కాలేజీకి గుర్తింపు ఇయ్యవలెను, ఏ పాఠములు పెట్టవలెను, పరీక్షలు ఎట్లు జరుగవలెను, ఎవరికి పట్టమియ్యవలెను అను విషయములన్నియు చూచు సభలకు పెద్దగా ఉండుట ఆయన పని. అప్పటివరకు కోస్తా తెలుగు జిల్లాల కాలేజీలన్నియు మద్రాసు క్రిందనే యుండెను. ఆయన పదవిలో ఉన్నప్పుడే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రత్యేకముగా ఏర్పడినది. మొదట బెజవాడలోను, 1930నుండి వాల్తేరులోను నడచినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి మొదటి వైస్ ఛాన్సలరు. పెద్దకుమారుడు వేరింటి కాపురము పెట్టినప్పుడు తండ్రి ఇల్లు చిన్నదగును. అయినను మంచి తండ్రి దానికి ఏడ్వడు. తెలుగు బిడ్డకు పట్టము కొంత దగ్గరలోనికి వచ్చినది.

మన నిజాము ప్రాంతమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము తెరువబడినది గాని, బోధన ఉర్దూలో సాగినది. ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ అయిన మన బిడ్డలకు ఆ మెట్టు ఎక్కుట ఎంత కష్టమో, పెద్దలను అడిగినవారికి తెలియును.

చివరి దినములు

పదవి ముగిసిన తరువాత ఆయన విశ్రాంతి జీవితము గడిపి, 1939వ సంవత్సరము మే 26వ తేదీన పరమపదించిరి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది ఆరేండ్లు. ఆ సంవత్సరము జనవరిలోనే దోర్నకల్ లో అజరయ్యగారు కట్టించిన ఎపిఫనీ కెథీడ్రలు ప్రతిష్ఠింపబడినది. ఒకే కళాశాలలో చదివిన ఇద్దరిలో ఒకరి పని ముగిసిన ఏటనే, మరియొకరి పని రాతితో నిలిచినది. నాయుడుగారి ప్రసంగములు, ప్రార్థనలు ఇంగ్లీషులో సంపుటములుగా అచ్చయినవి. వాటిని నేడు చదువువారు కొద్దిమందియే. కాని ఆయన పెట్టిన అన్నము తిని చదువుకొనినవారి మనుమలు, మునిమనుమలు ఎక్కడెక్కడనో బల్లముందు కూర్చుండి పనిచేయుచునే యుందురు.

మనకు వచ్చు పాఠము

ప్రియులారా, నేడు ప్రభుత్వ హాస్టళ్ళు కలవు, గురుకులములు కలవు. చట్టమునుబట్టి ఎవరును తలుపు మూయలేరు. దీనికై దేవునికి స్తోత్రము. అయినను జూన్ మాసమున నా వాకిటకు వచ్చు తలిదండ్రులు తగ్గలేదు. హాస్టలులో చోటు చాలని బిడ్డ, పదవ తరగతితో ఆగిపోయిన ఆడపిల్ల, అడవి పల్లెనుండి పరీక్ష వ్రాయ వచ్చి బస్టాండులో రాత్రి గడపిన కోయ కుఱ్ఱవాడు, వీరందరు మన దారి ప్రక్కనే పడియున్నారు.

మనలో చదువుకొని ఉద్యోగము సంపాదించి ఖమ్మంలో ఇల్లు కట్టినవారు అనేకులు. మన తలిదండ్రులు ఎవరి గుమ్మము ముందు నిలువబడి తిరిగిపోయిరో మనము మరచిపోలేదు. అయితే మన గుమ్మము ముందు నేడు ఎవరు నిలిచియున్నారో చూచుచున్నామా? మాలలు మాదిగలను, మాదిగలు కోయలను, పట్టణమువారు పల్లెవారిని దూరముంచినచో, నోబుల్ దొరగారిని తప్పుపట్టుటకు మనకు నోరెక్కడిది?

ఈ నెల కుటుంబ ప్రార్థనలలోను, స్త్రీల కూటములలోను ఈ మూడు సంగతులు ఆలోచింపుడి. మన ఇంటిలో పరీక్షల దినములలో ఒక బిడ్డకు చాప వేయగల చోటున్నదా? ఆదివారము తప్ప మిగిలిన ఆరు దినములు తాళముతో ఉండు గుడి హాలు సాయంకాలము దీపముతో చదువుకొను బిడ్డలకు తెరువవచ్చునా? ఆడపిల్లను నమ్మి పంపదగిన ఇండ్లు సంఘములో ఎన్ని యున్నవి? జవాబులను వచ్చే ఆదివారము ఆరాధన తరువాత సంఘపెద్దలకు తెలుపుడి.

సమరయుడు రెండు దేనారములే ఇచ్చెను. అది రెండు దినముల కూలి మాత్రమే. అంతపాటిది మనలో ప్రతి ఒక్కరియొద్దను కలదు.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, చదువునిచ్చి మమ్మును నిలువబెట్టితివి. మా వెనుక వచ్చు బిడ్డలకు మా గుమ్మము మూయకుండునట్లు మా మనస్సులను మెత్తపరచుము. మేము నేర్చినదానితోపాటు మేము తిను అన్నమును పంచుకొను కృప దయచేయుము. నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.